మిగులు కరెంటు పేటలు: ఎవరి లెక్కలో మిగులు?

పాజిటివ్ ఎనర్జీ డిస్ట్రిక్ట్ అనే మాట యూరప్ నగరాల్లో కొన్నేళ్లుగా బాగా నలుగుతోంది. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, కొన్ని వీధులు, కొన్ని పదుల భవనాలు కలిసిన పేట. ఏడాది మొత్తంలో వాడుకున్న శక్తి కంటే ఎక్కువ శక్తిని ఆ పేట ఎండ, గాలి, భూమిలోని వేడి లాంటి తరగని వనరుల నుంచి తయారు చేస్తే అది మిగులు పేట. 2025 నాటికి ఇలాంటి 100 పేటలు రూపుదిద్దుకోవాలని యూరప్ దేశాలు తమ స్ట్రాటజిక్ ఎనర్జీ టెక్నాలజీ ప్లాన్ కింద 2018లో లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ గడువు దాటిపోయింది. మరి ఎన్ని వచ్చాయని అడిగితే సూటిగా జవాబు చెప్పడం కష్టం. పనులు ఆలస్యం కావడం ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, ఏ పేటను మిగులు పేట అనాలో అందరూ ఒక మాట మీద లేకపోవడం.

ఒక నగరం నేర్చుకున్నది మరో నగరానికి పనికిరావాలంటే ఏ కంపెనీ ప్యానెళ్లు పెట్టారో, ఏ హీట్ పంప్ కొన్నారో చెబితే సరిపోదు. మిగులును లెక్కగట్టిన పద్ధతి కూడా చెప్పాలి. ఏమేం కలిపారు, ఏమేం వదిలేశారు, ఎంత కాలానికి లెక్కేశారు అన్నవి తెలియకుండా రెండు పేటలను పక్కపక్కన పెట్టి పోల్చితే వచ్చేది గందరగోళమే.

మిగులు రావాలంటే మూడు పనులు

అధికారిక నిర్వచనం ప్రకారం ఇలాంటి పేట మూడు పనులు చేయాలి. మొదటిది శక్తిని పొదుపుగా వాడటం. గోడలు, కిటికీలు, పైకప్పులోంచి వేడి బయటికి పోకుండా కట్టాలి. రెండోది స్థానికంగా తయారు చేయడం. కప్పుల మీద సోలార్ ప్యానెళ్లు, భూమి నుంచో నీటి నుంచో వేడిని లాగే హీట్ పంపులు, ఫ్యాక్టరీలు వదిలేసే వేడి, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. మూడోది వాడకాన్ని వేళకు తగ్గట్టు సర్దుకోవడం. ఎండ ఉన్న వేళ కార్లు చార్జ్ చేసుకోవడం, నీళ్లు వేడి చేసి ట్యాంకులో ఉంచుకోవడం, గ్రిడ్ మీద భారం పెరిగిన వేళ వాడకం తగ్గించుకోవడం లాంటివి. వీటితో పాటు పేట మొత్తం మీద నికర కర్బన ఉద్గారాలు సున్నా కావాలన్న షరతు కూడా ఉంది.

వార్తల్లో ఎక్కువగా కనబడేది రెండో పని. ప్యానెళ్లు ఫొటోలో కనిపిస్తాయి, గోడ లోపల పెట్టిన ఇన్సులేషన్ కనిపించదు. కానీ మిగులు ఉంటుందా ఉండదా అన్నది తేల్చేది చాలాసార్లు మొదటి పనే. అది అంకెలతోనే అర్థమవుతుంది.

200 ఇళ్ల పేట లెక్క

మధ్య యూరప్‌లో 200 ఇళ్లున్న ఒక పేటను ఊహించుకుందాం. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. దీపాలు, ఫ్రిజ్, వంట, టీవీ కలిపి ఒక్కో ఇల్లు ఏడాదికి 2,500 యూనిట్ల కరెంటు వాడుతుందనుకుందాం. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచడానికి, వేడి నీళ్లకు కలిపి 6,000 యూనిట్ల వేడి కావాలి. హీట్ పంప్ బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. అంటే 6,000 యూనిట్ల వేడికి 2,000 యూనిట్ల కరెంటు చాలు. ఇంటికి మొత్తం 4,500 యూనిట్లు, పేటకు 9 లక్షలు.

ఇప్పుడు కప్పుల మీద 1,000 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టారు. ఆ ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాదికి సుమారు 1,000 యూనిట్లు ఇస్తుంది కాబట్టి ఉత్పత్తి 10 లక్షల యూనిట్లు. లక్ష యూనిట్లు మిగులు.

అవే ఇళ్లు పాతవై, గోడల్లోంచి వేడి కారిపోతూ ఉంటే ఇంటికి 12,000 యూనిట్ల వేడి కావాలి. అప్పుడు హీట్ పంపులకే 4,000 యూనిట్ల కరెంటు పోతుంది, ఇంటి మొత్తం వాడకం 6,500కు చేరుతుంది. పేటకు 13 లక్షలు. ప్యానెళ్లు అవే, ఎండ అదే. కానీ లక్ష మిగులు కాస్తా 3 లక్షల లోటు అయింది.

ఇళ్లు మళ్లీ కొత్తవే అనుకుందాం. పేటలో 100 ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. ఒక్కోటి ఏడాదికి 2,000 యూనిట్లు తాగితే మొత్తం 2 లక్షల యూనిట్లు. కార్లను లెక్కలో కలిపితే పేట లక్ష యూనిట్ల లోటులో ఉంది. కలపకపోతే లక్ష మిగులులో ఉంది. ఇటుక కూడా కదలలేదు, గీత ఎక్కడ గీశామన్నదే మారింది.

గీత గీయడంలోనే గొడవంతా

ఈ గీత విషయంలో మూడు ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి.

మొదటిది, ఏ వాడకాన్ని కలపాలి? దీనికి ఆస్ట్రియా పరిశోధకులు ఒక మెట్ల వరస తయారు చేశారు. భవనాలు నడవడానికి, అందులోని జనం వాడుకోవడానికి అయ్యే శక్తిని మాత్రమే లెక్కిస్తే అది ఆల్ఫా మెట్టు. జనం రోజువారీ ప్రయాణాలు కలిపితే బీటా. సిమెంటు, ఉక్కు, గాజు తయారీకి ఖర్చయిన శక్తి కూడా కలిపితే ఒమేగా. ఇది నాకు నచ్చిన పద్ధతి. మిగులు ఉందా లేదా అని ఒక్క ముక్కలో అడగకుండా, ఏ మెట్టు దాకా మిగులు ఉందో అడుగుతుంది. పై లెక్కలోని పేట ఆల్ఫాలో పాసవుతుంది, బీటాలో తప్పుతుంది. అలా చెప్పడంలో దాపరికమూ లేదు, నామోషీ కూడా లేదు.

నిర్మాణ సామగ్రిని కూడా కలిపి లెక్కేసిన భవనం ఒకటి నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో ఉంది. పవర్‌హౌస్ బ్రాటోర్కాయా అనే ఆ ఆఫీసు భవనం 2019లో తెరుచుకుంది. స్నోహెట్టా సంస్థ డిజైన్ చేసింది. ఊరు 63 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, డిసెంబరులో సూర్యుడు కొద్ది గంటలే కనబడతాడు. అయినా దక్షిణం వైపుకు ఏటవాలుగా దించిన కప్పు మీద, గోడల మీద కలిపి దాదాపు 3,000 చదరపు మీటర్ల ప్యానెళ్లు పెట్టి ఏడాదికి సుమారు 5 లక్షల యూనిట్లు తీస్తున్నారు. వేడి కోసం, చల్లదనం కోసం పక్కనే ఉన్న సముద్రపు నీటిని వాడుకుంటారు. కట్టడానికి, నడపడానికి, చివరికి కూల్చడానికి అయ్యే శక్తి మొత్తాన్ని భవనం తన జీవితకాలంలో తిరిగి ఇచ్చేయాలన్నది దాని లక్ష్యం. కప్పును అలా వంచడం వెనక, సముద్రపు ఒడ్డునే కట్టడం వెనక ఉన్న కారణం ఈ లెక్కే.

రెండో ప్రశ్న, ఉత్పత్తి ఎక్కడ జరగాలి? అంతా పేట హద్దులోనే తయారై, బయటి నుంచి ఏమీ తీసుకోకుండా నడిస్తే అది స్వయంసమృద్ధ పేట. హద్దులోనే తయారు చేస్తూ, గ్రిడ్‌తో ఇచ్చిపుచ్చుకుంటూ ఏడాది చివరికి మిగులు చూపితే అది డైనమిక్ పేట. ఊరి బయట ఉన్న గాలిమరలో వాటా కొని, ఆ కరెంటును కూడా తన ఖాతాలో వేసుకుంటే అది వర్చువల్ పేట. ఈ మూడోదాని మీద వాదన ఎక్కువ. నగరం నడిబొడ్డున ఇరుకు వీధుల్లో ఉన్న పేటకు ఇంకో దారి లేదు, దాన్ని కాదంటే పాత నగరాలన్నీ ఆటలోంచి తప్పుకున్నట్టే అంటారు ఒక పక్షం వారు. దూరంగా ఉన్న గాలిమరను కాగితం మీద కలుపుకుంటే పేటలో ఎవరూ ఒక్క కిటికీ కూడా బాగుచేయరు, డబ్బున్న పేట సర్టిఫికెట్ కొనుక్కున్నట్టు అవుతుంది అంటారు రెండో పక్షం వారు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. అందుకే కొందరు మధ్యేమార్గంగా, ముందు వాడకాన్ని ఫలానా స్థాయికి తగ్గించాకే బయటి ఉత్పత్తిని కలుపుకోనివ్వాలని అంటున్నారు.

మూడో ప్రశ్న అందరినీ తికమక పెట్టేది. కరెంటును, వేడిని ఒకే త్రాసులో ఎలా తూచాలి? ఒక యూనిట్ కరెంటు తయారు చేయడానికి మూలంలో ఎంత ఇంధనం ఖర్చయిందో చెప్పే అంకెను ప్రైమరీ ఎనర్జీ ఫ్యాక్టర్ అంటారు. ఒక పేట ఏడాదికి 100 యూనిట్ల కరెంటు బయటికి పంపి, 150 యూనిట్ల వేడిని నగర హీటింగ్ పైపుల నుంచి, అంటే ఒకచోట కాచిన వేడి నీటిని ఇళ్లకు చేర్చే పైపుల నుంచి తీసుకుందనుకుందాం. ఉన్నదున్నట్టు లెక్కేస్తే 50 యూనిట్ల లోటు. ఆ దేశంలో కరెంటు ఫ్యాక్టర్ 2, పైపుల వేడి ఫ్యాక్టర్ 0.5 అయితే పంపింది 200 అవుతుంది, తీసుకున్నది 75 అవుతుంది. ఇప్పుడు 125 మిగులు! అదే దేశంలో బొగ్గు ప్లాంట్లు మూతపడి కరెంటు శుభ్రపడేకొద్దీ ఆ ఫ్యాక్టర్ 2 నుంచి కిందికి దిగుతుంది, దాంతో పాటు ఈ పేట మిగులూ కరిగిపోతుంది. ఒక దేశం పేటను ఇంకో దేశం పేటతో పోల్చేటప్పుడు ఫ్యాక్టర్ ఎంత తీసుకున్నారో అడగకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు.

అంతస్తులు పెరిగితే?

నగరాలు అడ్డంగా పాకిపోకుండా నిలువుగా పెరిగితే మేలని పట్టణ ప్రణాళిక నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. దగ్గరదగ్గరగా ఉంటే ప్రయాణాలు తగ్గుతాయి, పొలాలు మిగులుతాయి. కానీ మిగులు కరెంటు లెక్క దీనికి ఎదురు తిరుగుతుంది.

ఒక భవనం కప్పు 1,000 చదరపు మీటర్లు. లిఫ్టు గది, నీళ్ల ట్యాంకులు, నడిచే దారి పోగా సగం మేర ప్యానెళ్లు పట్టాయి. చదరపు మీటరుకు 0.2 కిలోవాట్ చొప్పున 100 కిలోవాట్లు, అంటే ఏడాదికి లక్ష యూనిట్లు. అంతస్తుకు 10 ఇళ్లు, ఇంటికి ఇందాకటి 4,500 యూనిట్లు, అంతస్తుకు 45,000. రెండంతస్తులైతే వాడకం 90,000, కొంచెం మిగులు. మూడో అంతస్తు వేయగానే 1,35,000, లోటు మొదలైంది. ఎనిమిది అంతస్తులైతే 3,60,000, లోటు 2,60,000. దక్షిణం గోడకు ప్యానెళ్లు తగిలిస్తే కొంత కలిసొస్తుంది కానీ ఎనిమిది అంతస్తుల లోటు పూడదు.

అందుకే ఒకే గీటురాయి అందరికీ పెట్టకూడదని, ఎంత కిక్కిరిసిన పేట అయితే లక్ష్యం అంత సడలించాలని ఆస్ట్రియాలో ఒక పద్ధతి తయారైంది. పలచటి పేట ఎక్కువ మిగులు చూపాలి, చిక్కటి పేట కొంత లోటుతో ఉన్నా తన వంతు చేసినట్టే అన్నది దాని సారం. దీని వెనక ఉన్న ఆలోచన న్యాయమైనదే. దేశం మొత్తం తరగని శక్తి మీద నడవాలంటే ఊరి బయట ఉన్న గాలిమరల కరెంటులో కొంత నగరాలకు రావాల్సిందే. అలాంటప్పుడు ప్రతి పేటా సొంతంగా మిగులు చూపాలని పట్టుబట్టడం అనవసరం. అయితే సడలింపు ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుందన్న భయం అవతలి వారిది. సడలించిన లోటుకు మిగులు అని పేరు పెట్టడం సామాన్యులకు అర్థం కాదనే అభ్యంతరమూ ఉంది.

జులై మిగులు డిసెంబరుకు అందుతుందా?

ఏడాది లెక్కలో పెద్ద లోపం ఉంది. అది జులైని, డిసెంబరును కలిపేస్తుంది. మన 200 ఇళ్ల పేటనే నెలల వారీగా చూద్దాం. జులైలో ప్యానెళ్లు దాదాపు 1,30,000 యూనిట్లు ఇస్తాయి, హీటింగ్ అవసరం లేదు కాబట్టి వాడకం 50,000 చుట్టూ ఉంటుంది. డిసెంబరులో ఉత్పత్తి 25,000కు పడిపోతుంది, హీట్ పంపులు రాత్రింబవళ్లు నడిచి వాడకం 1,10,000కు చేరుతుంది. ఏడాది చివర లక్ష మిగులు చూపిన పేట డిసెంబరు ఒక్క నెలలోనే 85,000 యూనిట్లు బయటి నుంచి తెచ్చుకుంది. ఆ కరెంటు ఎవరో తయారు చేయాలి, దాన్ని తెచ్చే తీగలు ఎవరో వేయాలి.

బ్యాటరీలు పెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఇంటికి 10 యూనిట్ల బ్యాటరీ చొప్పున 200 ఇళ్లకు 2,000 యూనిట్లు దాచుకోవచ్చు. డిసెంబరులో పేట రోజు వాడకం సుమారు 3,500 యూనిట్లు. అంటే బ్యాటరీలన్నీ నిండుగా ఉన్నా ఒక పూటకు కొంచెం ఎక్కువ వస్తాయి. మధ్యాహ్నపు ఎండను రాత్రికి దాచడానికి అవి భేషుగ్గా పనిచేస్తాయి. వేసవిని చలికాలానికి దాచడం వాటివల్ల కాదు.

వేడిని మాత్రం అలా దాచి చూపించిన చోటు ఒకటుంది. కెనడాలోని అల్బర్టాలో ఒకోటాక్స్ అనే పట్టణంలో డ్రేక్ ల్యాండింగ్ అనే 52 ఇళ్ల కాలనీ. 2007 నుంచి ఆ ఇళ్ల గ్యారేజీల కప్పుల మీద దాదాపు 800 సోలార్ హీటర్లు వేసవి ఎండను పట్టి, 37 మీటర్ల లోతున్న 144 బోర్ల ద్వారా ఆ వేడిని నేలలోకి పంపేవి. చలికాలంలో అదే వేడిని వెనక్కి లాగి ఇళ్లను వెచ్చగా ఉంచేవారు. 2015-16 చలికాలంలో ఇళ్లకు కావలసిన వెచ్చదనం అంతా సూర్యుడి నుంచే వచ్చింది. చలి గడ్డకట్టించే అల్బర్టాలో అది చిన్న విజయం కాదు. కానీ పరికరాలు పాతబడ్డాయి, విడిభాగాలు దొరకడం కష్టమైంది, 2024లో ఆ వ్యవస్థను మూసేయాలని నిర్ణయించారు. 52 ఇళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన యంత్రాలకు 17 ఏళ్ల తర్వాత మరమ్మతు ఎవరు చేస్తారన్న ప్రశ్న ఇప్పుడు కొత్తగా కట్టే ప్రతి పేటకూ వర్తిస్తుంది.

వేసవి మిగులు వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. ఊళ్లోని టమాటా రైతులంతా ఒకే రోజు సంతకు వస్తే ధర ఏమవుతుందో మధ్యాహ్నపు సోలార్ కరెంటుకూ అదే అవుతోంది. జర్మనీలో 2024లో 457 గంటల పాటు టోకు మార్కెట్లో కరెంటు ధర సున్నా కంటే కిందికి పోయింది. అంటే ఆ వేళల్లో కరెంటు అమ్మినవాళ్లే ఎదురు డబ్బు ఇచ్చుకోవాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లో గ్రిడ్ తీగల మీద రద్దీ ఎంత పెరిగిందంటే, 2022లో దక్షిణాది రాష్ట్రాలైన నార్త్ బ్రబాంట్, లింబర్గ్‌లలో పెద్ద వాడకందారులకు కొత్త కనెక్షన్లు ఆపాల్సి వచ్చింది.

వీటిని చూపించి కొందరు మిగులు అనే లక్ష్యాన్నే పక్కన పెట్టాలంటున్నారు. పేట ఏడాదికి ఎన్ని యూనిట్లు ఎక్కువ తయారు చేసిందన్నది ముఖ్యం కాదు, కష్టకాలంలో గ్రిడ్ మీద ఎంత తక్కువ ఆధారపడిందన్నదే కొలవాలన్నది వారి మాట. ఏడాది మిగులు అన్న సులువైన లక్ష్యం లేకపోతే నగర పాలకులకు, బిల్డర్లకు, జనానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదని, వేళల లెక్క ఇంజనీర్లకే అర్థమవుతుందని మిగతావారి సమాధానం. ఏడాది లెక్కను తీసేయనక్కర్లేదు, కానీ దాని పక్కనే డిసెంబరు లెక్క కూడా అచ్చువేయాలని నా అభిప్రాయం. ఆ రెండో అంకె దాచిపెట్టిన నివేదిక సగం నివేదికే.

పొరుగింటికి కరెంటు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోవాలి

సాంకేతికంగా మీ కప్పు మీద మిగిలిన కరెంటు పక్కింటికి పోవడం చాలా తేలిక, అది ఎలాగూ దగ్గరి వాడకం వైపే పారుతుంది. చట్టపరంగా చాలా దేశాల్లో అది అమ్మకం. అమ్మాలంటే లైసెన్సు, మీటరింగ్, పన్నులు, గ్రిడ్ చార్జీలు.

ఆమ్‌స్టర్‌డామ్ ఉత్తర భాగంలో స్కూన్‌స్కిప్ అనే నీటి మీద తేలే పేట ఉంది. 30 తేలే కట్టడాల్లో 46 కుటుంబాలు, కప్పుల మీద 500కు పైగా ప్యానెళ్లు, కాలవ నీటి నుంచి వేడిని లాగే 30 హీట్ పంపులు, ఇళ్లలో బ్యాటరీలు. పేట మొత్తానికి గ్రిడ్‌తో ఒకే ఒక్క కనెక్షన్. లోపల ఇళ్లన్నీ సొంత తీగలతో కరెంటు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎంతోమంది చూసి మెచ్చుకున్న ఈ ఏర్పాటు సాధ్యం కావడానికి డచ్ ప్రభుత్వం అప్పట్లో ప్రయోగాల కోసం విద్యుత్ చట్టం నుంచి ఇచ్చిన మినహాయింపు ముఖ్య కారణం. ఆ మినహాయింపు లేని ఊరివాళ్లు ప్యానెళ్లు, పంపులు, సాఫ్ట్‌వేర్ అన్నీ కాపీ కొట్టినా ఒకే కనెక్షన్ పద్ధతి వారికి రాదు. ప్యానెళ్ల సంఖ్య చెప్పి మినహాయింపు సంగతి చెప్పని కథనం వాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

ఈ లోటు తీర్చడానికి యూరోపియన్ యూనియన్ 2018లో, 2019లో తెచ్చిన రెండు డైరెక్టివ్‌లలో, అంటే సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశాల్లో, ఎనర్జీ కమ్యూనిటీలకు, అంటే కరెంటును కలిసి తయారు చేసుకుని పంచుకునే స్థానికుల సంఘాలకు, చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. స్పెయిన్ 2019లో కలిసి వాడుకునే సోలార్‌కు నియమాలు తెచ్చింది. మొదట 500 మీటర్ల లోపు ఉన్నవారికే వాటా ఇచ్చే వీలుండేది, 2022లో కప్పు మీది సోలార్‌కు దాన్ని 2,000 మీటర్లకు పెంచింది. ఆ ఒక్క మార్పుతో ఒక స్కూలు కప్పు మీది కరెంటు వీధి దాటి పేట మొత్తానికి చేరే వీలు కలిగింది. ఆస్ట్రియా 2021 చట్టంతో స్థానిక కమ్యూనిటీల్లో పంచుకునే కరెంటుకు గ్రిడ్ చార్జీలు తగ్గించింది.

ఇక్కడే న్యాయం గురించిన ప్రశ్న లేస్తుంది. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు అందరి బిల్లుల్లోంచి వస్తుంది. మిగులు పేట వాళ్లు తక్కువ చార్జీ కడితే మిగతా భారం ఎవరి మీద పడుతుంది? సొంత కప్పు లేని, అద్దెకుండే కుటుంబాల మీద పడుతుందని ఒక వాదన. స్థానికంగా తయారై స్థానికంగా వాడుకున్న కరెంటు దూరపు హైటెన్షన్ లైన్లను వాడుకోదు కదా, వాడని దానికి డబ్బెందుకని ఎదురు వాదన. ఏ వేళ ఎంత పంచుకున్నారో తెలిస్తే తప్ప ఇది తేలదు. డిసెంబరు రాత్రి గ్రిడ్ మీద పూర్తిగా ఆధారపడే పేటకు ఏడాది పొడవునా రాయితీ ఇవ్వడం సమర్థించడం కష్టం.

అనుభవం ఊరు దాటేది ఎలా?

యూరప్‌లో దీనికోసం పెద్ద ఏర్పాట్లే ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ పరిశోధన పథకమైన హొరైజన్ 2020 నిధులతో నడిచిన ప్రాజెక్టుల్లో రెండేసి లైట్‌హౌస్ నగరాలు ముందు చేసి చూపాలి, వాటి వెనక ఫెలో నగరాలు చూసి నేర్చుకోవాలి. ట్రోండ్‌హైమ్‌తో జతకట్టిన ఐర్లండ్ నగరం లిమరిక్, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌తో ఫిన్లాండ్ నగరం ఔలు, ఆమ్‌స్టర్‌డామ్‌తో స్పెయిన్ నగరం బిల్బావో, పోర్చుగల్‌లోని ఎవొరాతో డచ్ పట్టణం ఆల్క్‌మార్, ఇలా జంటలు. ఇంకోవైపు ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ కింద అనెక్స్ 83 పేరుతో నిర్వచనాలు, కొలమానాల మీద అంతర్జాతీయ పరిశోధకుల బృందం పనిచేసింది. పరిశోధకులను కలిపే కాస్ట్ పథకం కింద మిగులు పేటల నెట్‌వర్క్ ఒకటి ఏర్పడి పేటల డేటాబేస్ తయారు చేసింది.

ఈ జంటల్లో నాకు బాగా ఆసక్తి కలిగించేది ఎవొరా. కోట గోడల మధ్య ఉన్న దాని పాత నగరం 1986 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. ఎర్ర పెంకుల కప్పుల మీద మెరిసే నల్లటి ప్యానెళ్లు పెడతామంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకని పాత పెంకులను పోలిన సోలార్ పెంకుల్లాంటి, చూపుకు అడ్డురాని పరికరాల వైపు ఆ ప్రాజెక్టు వెళ్లింది. ఇవి మామూలు ప్యానెళ్ల కంటే ఖరీదు, రాబడి కూడా తక్కువ. ఉత్పత్తి లెక్కలో ఎవొరా ఎప్పుడూ ముందుండదు. కానీ యూరప్‌లో పాత నగర కేంద్రాలకు కొదవ లేదు. వాటికి ట్రోండ్‌హైమ్ ఏటవాలు కప్పు కంటే ఎవొరాలో వారసత్వ అధికారులతో కుదిరిన ఒప్పందాలే ఎక్కువ పనికొస్తాయి.

నివేదికల్లో తక్కువగా దొరికేది విఫలమైన వాటి వివరం. నిధులిచ్చిన వారికి విజయం చూపాలన్న ఒత్తిడి ఉంటుంది, అది సహజం. లండన్ దక్షిణాన 2002లో పూర్తయిన బెడ్‌జెడ్ కాలనీ విషయంలో అలా జరగకపోవడం అందరికీ మేలు చేసింది. దాదాపు 100 ఇళ్లకు కరెంటు, వేడి రెండూ చెక్క ముక్కలతో నడిచే చిన్న ప్లాంటు నుంచి ఇవ్వాలనుకున్నారు. ఆ ప్లాంటు సరిగ్గా నడవలేదు, కొన్నేళ్లకే ఆపేసి గ్యాస్ బాయిలర్లు పెట్టారు. మందపాటి ఇన్సులేషన్, ఎండ పడే గదులు మాత్రం అనుకున్నట్టే పనిచేసి ఇళ్ల హీటింగ్ అవసరాన్ని బాగా తగ్గించాయి. ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది విడివిడిగా బయటపెట్టడం వల్ల తర్వాత కట్టినవారికి చిన్న కాలనీకి కొత్త రకం ప్లాంటు పెట్టడం ఎంత రిస్కో ముందే తెలిసింది.

తర్వాతి ఊరికి నిజంగా పనికొచ్చే రికార్డులో ఏముండాలో దీన్నిబట్టి ఊహించవచ్చు. గీత ఎక్కడ గీశారు, గంటల వారీ వాడకం ఎంత, ఏ చట్టం కింద ఏ మినహాయింపు దొరికింది, ఎవరు ఎంత పెట్టుబడి పెట్టారు, ఏ యంత్రం ఎన్నిసార్లు ఆగింది. ఇందులో గంటల వారీ డేటాకు అడ్డంకి ఉంది. ఒక ఇంటి మీటరు రీడింగ్ చూస్తే ఆ ఇంట్లో వాళ్లు ఎప్పుడు లేచారో, ఎప్పుడు ఊరెళ్లారో తెలిసిపోతుంది. అందుకే యూరప్ డేటా రక్షణ చట్టం దాన్ని వ్యక్తిగత సమాచారంగా చూస్తుంది. పేట మొత్తాన్ని కలిపి చూపితే ఇబ్బంది తగ్గుతుంది, అయితే 46 కుటుంబాల పేటలో కలిపినా పెద్దగా దాగదు.

ఫ్రైబుర్గ్‌లో 20 ఏళ్ల తర్వాత

ఈ మాటేదీ పుట్టకముందే మిగులు చూపిన పేట జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఉంది. ఆర్కిటెక్ట్ రోల్ఫ్ డిష్ 2000కు, 2005కు మధ్య కట్టిన సోలార్ సెటిల్‌మెంట్‌లో 59 ఇళ్లు. దక్షిణానికి తిరిగిన కప్పులన్నీ ప్యానెళ్లే. మొత్తం సామర్థ్యం సుమారు 445 కిలోవాట్లు, ఏడాది ఉత్పత్తి సుమారు 4,20,000 యూనిట్లు. ఇళ్లు చెక్కతో, మందమైన ఇన్సులేషన్‌తో కట్టినవి.

ఆ మిగులు నిలబడటానికి డబ్బు కోణం నుంచి తోడ్పడింది 2000లో జర్మనీ తెచ్చిన తరగని శక్తి చట్టం. గ్రిడ్‌లోకి పంపిన ప్రతి యూనిట్‌కు 20 ఏళ్లు స్థిరమైన ధర ఇస్తామని అది హామీ ఇచ్చింది. అప్పటి ప్యానెళ్లు ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఖరీదు, ఆ హామీ లేకపోతే బ్యాంకులు అప్పివ్వడం, జనం కొనడం అనుమానమే. 2000 నుంచి 2005 వరకు పెట్టిన ప్యానెళ్లకు ఆ 20 ఏళ్లు ఒక్కొక్కటిగా పూర్తయ్యాయి. హామీ కాలం దాటిన పాత ప్యానెళ్ల కరెంటుకు జర్మనీలో ఇప్పుడు వచ్చేది మార్కెట్ ధరను బట్టి ఉండే చిన్న మొత్తమే. దాంతో వాటి యజమానులకు గ్రిడ్‌కు అమ్మడం కంటే ఇంట్లోనే వాడుకోవడం లాభం. నెదర్లాండ్స్ కూడా పంపిన యూనిట్‌ను తీసుకున్న యూనిట్‌కు సరిసమానంగా చెల్లుబెట్టే పద్ధతిని 2027 జనవరి 1 నుంచి ఆపేస్తూ చట్టం చేసింది. వేసవిలో గ్రిడ్‌కు ఇచ్చి చలికాలంలో అదే గ్రిడ్ నుంచి ఉచితంగా తెచ్చుకున్నట్టు లెక్కేసుకున్న డచ్ ఇళ్లన్నిటికీ ఆ రోజు నుంచి జులై యూనిట్ వేరు, డిసెంబరు యూనిట్ వేరు.